చింతపిక్క జిగురు ఎందుకు పట్టుకుంటుంది?

కొండపల్లి బొమ్మను ఒకే కర్రలో చెక్కరు. తెల్లపొణికి కర్రలో ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా, తల వేరుగా చెక్కి తర్వాత అతుకుతారు. ఆ అతుకు పని మక్కుది. చింతగింజల పిండిని ఉడికించి, అందులో రంపపు పొట్టు కలిపితే వచ్చే ముద్దే మక్కు. అతుకు దగ్గర దాన్ని పెట్టి వేలితో దిద్ది, ఆరాక గరుకు తీసి రంగు వేస్తే, కల్లుగీత కార్మికుడి భుజం ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా దొరకదు. చేర్యాల పటం వేయబోయే ఖాదీ గుడ్డకు ముందుగా పట్టించే పూతలోనూ చింతగింజల జిగురు ఉంటుంది. తెలంగాణలో గొంగడి నేసేవాళ్ళు ఉన్ని దారానికి పెట్టే గంజి కూడా చింతపిక్కలదే.

మనం వామనగుంటలు ఆడుకుని పారేసిన పిక్కలివి. పై పొట్టు తీస్తే లోపల ఉండే తెల్లటి పప్పులో దాదాపు సగం ఒకే పదార్థం. దాని పేరు జైలోగ్లూకాన్. వందలు, వేల కొద్దీ చక్కెర అణువులు గొలుసుగా కూడితే ఏర్పడే పాలీశాకరైడ్ల కుటుంబానికి చెందింది. పిండి పదార్థం, పత్తిలోని సెల్యులోజ్, చెట్టు బంకలు, పండ్లలోని పెక్టిన్, సముద్రపు నాచు నుంచి తీసే అగర్, అన్నీ దీని బంధువులే. చింతగింజ జిగురును జపాన్‌లోని ఒసాకాలో, ఫ్రాన్స్‌లోని నాంత్‌లో, స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ప్రయోగశాలల్లో పెట్టి పరీక్షించారు. వాళ్ళు అడిగిన ప్రశ్న వినడానికి చాలా చిన్నది: ఈ గొలుసులు ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకుంటాయి, ఎప్పుడు వదిలేస్తాయి? జవాబు మాత్రం అంత సులువుగా చిక్కలేదు. చాలాకాలం అందరూ నమ్మిన జవాబుకు 2016లో గట్టి సవాలు కూడా ఎదురైంది.

చిక్కబడటం వేరు, పేరుకోవడం వేరు

ఇంట్లోనే చేసి చూడవచ్చు. చింతగింజలు వేయించి, గోధుమరంగు పొట్టు ఊడగొట్టి, పప్పును పొడి చేయాలి. ఈ పనికి మిక్సీ కంటే రోలు నయమని మొదటిసారి తెలుసుకున్నాను, బ్లేడు బలయ్యాక. చెంచా పొడిని గ్లాసు చన్నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. సన్నని మంట మీద కలియబెడుతూ ఉడికిస్తే పావుగంటలో పలచని గంజిలా మొదలై చిక్కని జిగురవుతుంది. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. అయినా గిన్నె వంచితే నెమ్మదిగా జారుతూనే ఉంటుంది. ఇది జెల్ కాదు, చిక్కటి ద్రవం మాత్రమే. ఇప్పుడు అదే జిగురులో నీటికి సమానంగా పంచదార పోసి మరోసారి మరిగించి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పేరుకుని ఉంటుంది. చెంచాతో గాటు పెడితే గాటు నిలుస్తుంది. గిన్నె కదిలిస్తే వణుకుతుంది. ఇదీ జెల్.

ఈ రెండింటికీ మధ్య తేడాను ఉడికిన సేమియాతో పోల్చుకోవచ్చు. గిన్నెలో సేమియా పోగులు చిక్కుపడి ఉంటాయి. లాగితే ఆలస్యంగానైనా ఒకదాని మీంచి ఒకటి జారి విడిపోతాయి. చిక్కటి ద్రవంలో గొలుసుల పరిస్థితి ఇదే. అక్కడక్కడ పోగులకు ముడులు పడితే ఇక జారడం ఉండదు. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఆ ముడులే జెల్‌కు ప్రాణం. ప్రయోగశాలలో దీన్ని కొలవడానికి రియోమీటర్ వాడతారు. రెండు పళ్ళేల మధ్య జిగురును ఉంచి, పై పళ్ళేన్ని కొద్దిగా అటూ ఇటూ తిప్పుతారు. మనం పెట్టిన శక్తిలో ఎంత స్ప్రింగులా తిరిగి వచ్చింది, ఎంత ద్రవంలో రాపిడికి పోయింది అని లెక్క కడతారు. మొదటిది రెండోదాన్ని మించి, ఎంత నెమ్మదిగా తిప్పినా అలాగే నిలిచిందంటే ముడులు పడ్డాయన్నమాట.

నీళ్ళను ఎవరూ కట్టెయ్యలేదు

కిరాణా కొట్లో చైనాగ్రాస్ పేరుతో దొరికే అగర్‌ను లీటరు నీటిలో పది గ్రాములు వేసి మరిగించి చల్లారిస్తే మొత్తం గట్టిపడి కూర్చుంటుంది. అందులో తొంభై తొమ్మిది పాళ్ళు నీళ్ళే. ఒక్క పాలు పదార్థం తొంభై తొమ్మిది పాళ్ళ నీటిని ఎలా నిలబెట్టింది? ‘గొలుసులు నీటిని కట్టిపడేస్తాయి’ అని చెప్పే వివరణ చాలాచోట్ల కనిపిస్తుంది. అది తప్పుదారి పట్టించే మాట.

అగర్‌లో పేరుకునే భాగం అగరోజ్. వేడి నీటిలో దాని గొలుసులు విడివిడిగా తిరుగుతాయి. నలభై డిగ్రీల దగ్గరికి చల్లారేసరికి రెండేసి గొలుసులు పురి పెట్టిన తాడులా పెనవేసుకుంటాయని 1974లో ఎక్స్‌రే చిత్రాల ఆధారంగా ప్రతిపాదించారు. ఆ తాళ్ళు మళ్ళీ కట్టలు కట్టుకుని వల అల్లుతాయి. వల కంత సుమారు వంద నానోమీటర్లు. ఒక తల వెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి కంత చాలా చిన్నదే. కానీ నీటి అణువు వైపు నుంచి చూడండి. దాని సైజు ఒక నానోమీటరులో మూడో వంతు. నీటి అణువు శనగగింజంత అనుకుంటే, ఆ కంత మన ఇంట్లో చిన్న గదంత ఉంటుంది. గది మధ్యలో ఉన్న గింజను గోడ ఎలా పట్టుకుంటుంది? పట్టుకోదు. గోడను ఆనుకున్న ఒకటి రెండు వరసల నీటి అణువులు కొంచెం మందగిస్తాయి, మిగిలినవి మామూలు నీటిలాగే తిరుగుతుంటాయి. అగర్ ముద్ద మీద ఒక చుక్క బీట్‌రూట్ రసం వేసి చూస్తే, దాదాపు కదలని నీటిలో పాకినంత వేగంతోనే రంగు లోపలికి పాకుతుంది.

ఆగిపోయేది అణువు కదలిక కాదు, నీరు మూకుమ్మడిగా పారడం. సన్నని కంతల గుండా నీటిని నెట్టాలంటే చాలా ఒత్తిడి కావాలి. కంత సగానికి తగ్గితే అడ్డు నాలుగు రెట్లవుతుంది. పైగా అంత సన్నని కంతల నోళ్ళ దగ్గర నీటి ఉపరితల తన్యత పట్టి ఉంచే ఒత్తిడి వాతావరణ పీడనానికి పది రెట్ల పైమాటే. అందుకే గిన్నె బోర్లించినా నీరు కారదు. పని చేసేది నీటి మీద గొలుసుకున్న ప్రేమ కాదు, వల కంత కొలత. ‘నానో నిర్మాణం’ అనే మాటకు ఇక్కడ అర్థం ఇదే: అదే చక్కెర, అదే నీరు, కానీ కంత వంద నానోమీటర్లా వెయ్యి నానోమీటర్లా అన్నదాన్ని బట్టి స్వభావం మారిపోతుంది.

ఆ వలను చెడగొట్టడం జపాన్ వాళ్ళకు మూడున్నర శతాబ్దాల కిందటే తెలుసు. అగర్ ముద్దను చలికాలపు రాత్రి ఆరుబయట వదిలేస్తే లోపల మంచు పలుకులు పెరిగి వల గోడలను పక్కకు నెట్టి నలిపేస్తాయి. పగలు కరిగిన నీళ్ళు పెద్ద కంతల గుండా కారిపోతాయి. మిగిలేది దూదిలాంటి ఎండు అగర్.

అగర్‌కు ఇంకో గుణం ఉంది. నలభై దగ్గర పేరుకున్నది మళ్ళీ కరగాలంటే ఎనభై అయిదు డిగ్రీలు దాటాలి. ఒక్కొక్క తాడు విప్పడం తేలికే, కట్టలు కట్టిన తాళ్ళను విప్పడమే కష్టం. ఈ తేడాయే వైద్య చరిత్రను మలుపు తిప్పింది. 1881లో బెర్లిన్‌లో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్ ప్రయోగశాలలో జెలటిన్ (జంతువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసే జిగురు) మీద సూక్ష్మజీవులను పెంచేవారు. శరీర ఉష్ణోగ్రత దగ్గర అది కరిగిపోయేది, కొన్ని సూక్ష్మజీవులు దాన్నే తినేసేవి. అక్కడ పనిచేసే వాల్తర్ హెస్సె భార్య ఫానీ తన వంటింట్లో జెల్లీలకు వాడే అగర్‌ను వాడి చూడమంది. జావాలో ఉండివచ్చిన వాళ్ళ దగ్గర ఆమె నేర్చుకున్న చిట్కా అది. ఆమె పేరు ఆ రోజుల్లో ఏ పత్రంలోనూ రాలేదు. ఈ రోజుకీ రక్తపరీక్షల ల్యాబుల్లో కల్చర్ పళ్ళేలలో ఉండేది అగరే.

ముళ్ళకంపను మోపు కట్టలేం

గొలుసులు కట్టలు కట్టడానికి అడ్డం వచ్చేది ఏమిటి? దీనికి గోరుచిక్కుడు మంచి సాక్షి. గోరుచిక్కుడు గింజ నుంచి తీసేదే గ్వార్ గమ్. దానిలో మానోజ్ అనే చక్కెరల పొడవాటి వెన్ను ఉంటుంది. దాదాపు ప్రతి రెండో మానోజ్‌కు గాలక్టోజ్ అనే ఇంకో చక్కెర పక్కకొమ్మలా అంటుకుని ఉంటుంది. మధ్యధరా ప్రాంతపు కారబ్ చెట్టు గింజల బంకలోనూ ఇదే వెన్ను, ఇవే కొమ్మలు. కాకపోతే అక్కడ నాలుగు మానోజ్‌లకు ఒక కొమ్మ చొప్పునే, అదీ అన్నిచోట్లా సమానంగా కాదు. చాలా దూరం బోడిగా సాగే ముక్కలుంటాయి.

అడవికి కట్టెలకు వెళ్ళినవాళ్ళకు ఇక్కడ జరిగేది చెప్పక్కర్లేదు. కొమ్మలు నరికిన బోడి కర్రలు పక్కపక్కన ఒదిగి గట్టి మోపు అవుతాయి. ముళ్ళకంపను ఎంత బిగించి కట్టినా మధ్యలో గాలే. గ్వార్ గమ్ ముళ్ళకంప. అందుకే చన్నీళ్ళలో కూడా కరుగుతుంది, తనంతట తాను పేరుకోదు. కారబ్ బంక వేడి చేస్తేనే బాగా కరుగుతుంది. దాని బోడి ముక్కలు శాంతన్ గొలుసులకు చక్కగా ఒదుగుతాయి. శాంతన్ అంటే క్యాబేజీకి నల్లకుళ్ళు తెచ్చే బాక్టీరియా తయారుచేసే బంక. విడివిడిగా ఈ రెండూ చిక్కటి ద్రవాలే. కలిపి వేడిచేసి చల్లారిస్తే జెల్. ఇక కొమ్మలు దాదాపు లేని మానోజ్ గొలుసు (మానాన్) ఎలా ఉంటుందో చూడాలంటే దంతానికి బదులు బొత్తాలు చేసే ఒక రకం తాటిజాతి గింజను చూడాలి. రాయంత గట్టిది. లేత కొబ్బరి మీగడ ముదిరి కొబ్బరిగా మారేటప్పుడూ గాలక్టోజ్ వాటా తగ్గుతూ వస్తుంది. లేత తాటిముంజెలో నోట్లో జారిపోయేదీ ఈ కుటుంబపు గొలుసులే.

గ్వార్ గమ్‌కు ముడులు వేయాలంటే బయటి నుంచి ఎవరో రావాలి. బోరేట్ అయాన్లు వస్తే రెండు గొలుసులనూ చెరో చేత్తో పట్టుకుంటాయి. అమెరికాలో భూగర్భ శిలలు పగలగొట్టి గ్యాస్, చమురు తీసే కంపెనీలు ఈ జెల్‌నే ఇసుకతో కలిపి బావుల్లోకి పంపేవి. ఆ గిరాకీతో రాజస్థాన్ రైతు పండించే గోరుచిక్కుడు గింజల ధర ఆకాశానికి ఎగిరి, 2012 మార్చిలో మన దేశంలో దాని ఫ్యూచర్స్ వ్యాపారాన్నే ఆపేయాల్సి వచ్చింది. కూరగాయకు అంత గౌరవం మళ్ళీ దక్కలేదు.

ఇప్పుడు చింతపిక్క దగ్గరికి రావచ్చు. జైలోగ్లూకాన్ వెన్ను మానోజ్ కాదు, గ్లూకోజ్. గ్లూకోజ్‌లు సెల్యులోజ్‌లో ఎలా కూడి ఉంటాయో ఇక్కడా అచ్చం అలాగే ఉంటాయి. అంటే ఇది పత్తి గొలుసే. కొమ్మలు మాత్రం దట్టం: నాలుగు గ్లూకోజ్‌లకు మూడింటి మీద జైలోజ్ అనే మరో చక్కెర ఉంటుంది, ఆ జైలోజ్‌లలో కొన్నింటి చివర గాలక్టోజ్ ఉంటుంది. కొమ్మలు లేని పత్తి చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా నీటిలో కరగదు. అదే వెన్నుకు ఈ కొమ్మలు తగిలించగానే గంజి అయిపోతుంది.

పంచదార కలిపినప్పుడు ఏం జరిగిందో ఇక్కడ అర్థమవుతుంది. పంచదార అణువులు నీటిని తమ చుట్టూ తిప్పుకుంటాయి. గొలుసులకు నీటి తోడు తగ్గుతుంది. ఇష్టం ఉన్నా లేకున్నా దగ్గరికి జరిగి అక్కడక్కడ ముడులు పడతాయి. 1940లలో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో చింతగింజల పిండి మీద పనిచేసినవాళ్ళు ఈ జెల్లీ గుణాన్ని గుర్తించారు. పండ్ల పెక్టిన్ పేరుకోవాలంటే పంచదారతో పాటు పులుపూ ఉండాలి, చింతపిక్కకు పులుపు అక్కర్లేదు. చింతపండు పక్కనే పెరిగి పులుపు అవసరం లేకుండా పోవడం విచిత్రమే.

పంచదార లేకుండా ముడులు వేయించే దారిని జపాన్ పరిశోధకులు 1990లలో చూపించారు. ఒక ఎంజైముతో కొమ్మల చివరి గాలక్టోజ్‌లను మాత్రం కత్తిరించారు. మూడో వంతు దాటేదాకా పెద్ద మార్పు లేదు. గాలక్టోజ్‌లలో సుమారు 35 శాతం పోయాక జిగురు స్వభావమే మారింది: చల్లగా ఉన్నప్పుడు ద్రవం, వెచ్చగా చేస్తే జెల్, ఇంకా వేడి చేస్తే మళ్ళీ ద్రవం. అగర్‌కు పూర్తి వ్యతిరేకం. ఎంత కత్తిరించారన్నదాన్ని బట్టి శరీర ఉష్ణోగ్రత దగ్గరే పేరుకునేలా చేయవచ్చు. సీసాలో నీళ్ళలా ఉండి, ఒంట్లోకి వెళ్ళాక పేరుకుని మందును మెల్లగా వదిలే జెల్‌గా దీన్ని పరీక్షించడం అందుకే. కత్తిరించని చింతగింజ పాలీశాకరైడ్ ఇప్పటికే కొన్ని కంటి చుక్కల మందుల్లో ఉంది. పొడిబారిన కంటి మీద కన్నీటి పొరలా పరుచుకుని నిలుస్తుంది.

వేడి చేస్తే ఎందుకు పేరుకుంటుందన్నది కొంచెం నిదానంగా చూడాలి. గ్లూకోజ్ వలయం ఒక చిన్న పళ్ళెం లాంటిది. అంచుల చుట్టూ నీటితో స్నేహం చేసే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి. పళ్ళెం పైభాగం, అడుగుభాగం మాత్రం నూనె స్వభావానివి. వాటి దగ్గర నీటి అణువులు ఇరుకుగా, ఒక వరసలో సర్దుకుని ఉండాల్సి వస్తుంది. వేడి పెరిగే కొద్దీ ఆ క్రమశిక్షణ వాటికి భారం. రెండు పళ్ళేలు ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే మధ్యలో ఉన్న నీటికి విడుదల. గాలక్టోజ్ కొమ్మలు ఆ బోర్లించడాన్ని అడ్డుకుంటున్నాయి. కొన్నింటిని తీసేస్తే దారి తెరుచుకుంటుంది. ఈ ‘నీటికి విడుదల’ అన్న మాటను గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

అందరికీ ఒకే వైద్యం పనిచేయదు

కొమ్మలు తీస్తే పేరుకుంటుంది అనగానే సూత్రం దొరికిందని సంబరపడతాం. మన ఏజెన్సీ కొండల్లో గిరిజనులు గీసి సేకరించే తపసి బంక ఆ సంబరాన్ని పాడుచేస్తుంది. గిరిజన సహకార సంస్థ దశాబ్దాలుగా కొంటున్న బంక ఇది. నిల్వ ఉన్న తపసి బంక సంచి మూతి విప్పితే వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసనే దాని గుట్టు: దాని గొలుసుల మీద ఎసిటైల్ గుంపులు ఉంటాయి, తేమకు అవి కొద్దికొద్దిగా ఊడి వెనిగర్‌లో ఉండే ఆమ్లంగా మారతాయి. ఎసిటైల్ ఉన్నంతకాలం ఈ బంక నీటిలో కరగదు, అరవై రెట్లకు పైగా ఉబ్బి పలుకులు పలుకులుగా నిలుస్తుంది. క్షారం వేసి ఎసిటైల్‌ను తీసేస్తే ఉబ్బడం మానేసి చక్కగా కరిగిపోతుంది.

మన కందకు దగ్గరి చుట్టమైన కొన్యాకు దుంపలో సరిగ్గా దీనికి ఎదురు జరుగుతుంది. జపాన్‌లో ఆ దుంప పిండిని నీటిలో కలిపి సున్నపు తేట పోస్తారు. ఎసిటైల్ పోయి గొలుసులు బోడివై, రబ్బరులాంటి జెల్ అవుతుంది. అదే గుంపు, అదే క్షారం, ఫలితాలు మాత్రం తూర్పు పడమర. తపసి బంక గొలుసుల మీద ఆమ్ల గుంపుల రుణావేశాలున్నాయి. ఎసిటైల్ అడ్డు తొలగగానే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కొన్యాకు గొలుసు మీద ఆవేశం లేదు, నెట్టేవాళ్ళూ లేరు.

ఆవేశం ఉన్న గొలుసులను కలపాలంటే ధనావేశం ఉన్న మధ్యవర్తి కావాలి. గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌లో ఆ పని కాల్షియంది. ఇంగ్లండ్‌లోని యూనిలీవర్ ప్రయోగశాల వాళ్ళు 1973లో దీనికి ఇచ్చిన చిత్రం ఇప్పటికీ పాఠాల్లో ఉంది: రెండు గొలుసులు కోడిగుడ్ల అట్టల్లా ఎదురెదురుగా నిలబడతాయి, వాటి గుంటల్లో కాల్షియం అయాన్లు గుడ్లలా కూర్చుంటాయి. ఒక్క గుంటలో ఒక్క గుడ్డుతో పట్టు రాదు, వరసగా ఎనిమిది పది గుంటలైనా కలవాలి. పొలం గట్టు మీద నడిస్తే పంచెకు ఉత్తరేణి గింజలు అంటుకుంటాయి. ఒక గింజను గోటితో గీకేయవచ్చు. పంచె నిండా అంటుకుంటే విడదీయడానికి సాయంత్రం పడుతుంది. పాలీశాకరైడ్ల ప్రపంచంలో ఒక్కొక్క బంధం చాలా బలహీనం, పట్టు వచ్చేది వరసలోనే. అందుకే వరసకు అడ్డంపడే ఒక చిన్న కొమ్మకు కూడా అంత విలువ.

పట్టు ఎవరిది?

ఇప్పుడు మక్కులో ఉన్న రెండో సరుకు: రంపపు పొట్టు. కర్రలో దాదాపు సగం సెల్యులోజే. జైలోగ్లూకాన్‌కు సెల్యులోజ్ అంటే స్వంత వెన్నెముకే. అంటే మక్కులో రెండు తోబుట్టువులు కలుస్తున్నాయి, ఒకరికి కొమ్మలున్నాయి, ఒకరికి లేవు. మొక్క కణాల గోడల్లోనూ వీళ్ళిద్దరూ పక్కపక్కనే ఉంటారు.

పరిశోధకులు ఈ జంటను చిన్నగా చేసి చూశారు. పత్తిని లేదా కర్ర గుజ్జును గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పెడితే మెత్తటి భాగాలన్నీ కరిగిపోయి, సూదుల్లాంటి స్ఫటికాలు మిగులుతాయి. అయిదు నుంచి ఇరవై నానోమీటర్ల వెడల్పు, వంద రెండు వందల నానోమీటర్ల పొడవు. వాటికి జైలోగ్లూకాన్ కలిపితే అంటుకుంటుంది. ఎలా అంటుకుంటుందన్నది ఫ్రాన్స్‌లోని నాంత్‌లో వ్యవసాయ పరిశోధన సంస్థ బృందం తరచి చూసింది. జైలోగ్లూకాన్ తక్కువగా ఉంటే గొలుసు స్ఫటికం మీద చాపలా పరుచుకుంటుంది. ఎక్కువగా ఉంటే చోటు కోసం పోటీపడి ఒక్కో గొలుసు కొంత మేరే అంటుకుని, మిగిలిన భాగం ఉచ్చుల్లా, తోకల్లా నీటిలోకి వేలాడుతుంది. వేలాడే తోక పక్క స్ఫటికాన్ని అందుకోగలిగినప్పుడే వంతెన పడుతుంది. పొట్టి గొలుసులు పూత మాత్రమే పూస్తాయి, వంతెన వేయలేవు.

అంటుకున్నది ఎంతో కొలిచే పద్ధతి ముచ్చటైనది. సెకనుకు యాభై లక్షల సార్లు కంపించే క్వార్ట్జ్ బిళ్ళ మీద సెల్యులోజ్ పలచని పొర వేస్తారు. దాని మీదుగా జైలోగ్లూకాన్ ద్రావణం పంపితే, గొలుసులు అంటుకునే కొద్దీ బిళ్ళ బరువెక్కి కంపనం తగ్గుతుంది. ఒక చదరపు సెంటీమీటరు మీద చేరిన నానోగ్రాములు కూడా తెలిసిపోతాయి.

ఇన్నాళ్ళూ పాఠం ఒకటే: గొలుసుకూ సెల్యులోజ్‌కూ మధ్య హైడ్రోజన్ బంధాలు (ఒక అణువులోని హైడ్రోజన్‌ను పక్క అణువులోని ఆక్సిజన్ తనవైపు లాగడం) పడతాయి, అదే పట్టు. వినడానికి బాగుంది, రెండింటి నిండా హైడ్రోజన్ బంధాలు వేయగల గుంపులే కదా. కానీ ఒక చిక్కుంది. ఆ గుంపులన్నీ అంతకుముందే నీటితో బంధాలు వేసుకుని ఉన్నాయి. నీటిని వదిలి ఒకదాన్నొకటి పట్టుకుంటే లాభం ఏమిటి? ఒక చేతిని వదిలి అంతే వెచ్చని ఇంకో చేతిని పట్టుకోవడమే.

2016లో స్టాక్‌హోమ్‌లోని రాయల్ టెక్నికల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, వారి సహచరులు దీనికి ఒక సూటి పరీక్ష పెట్టారు. బంధాలు పడి వేడి వెలువడడమే పట్టుకు కారణమైతే, ఉష్ణోగ్రత పెంచితే అంటుకునే మొత్తం తగ్గాలి. వాళ్ళు సెల్యులోజ్ పొరను వేడి చేస్తూ వెళ్ళారు. అంటుకునే మొత్తం పెరిగింది. అంటే అంటుకోవడానికి వేడి ఖర్చవుతోంది, అయినా అది జరుగుతోంది. ఖర్చును పూడ్చేది మరొకటి ఉండాలి. సెల్యులోజ్ ఉపరితలం మీదా, గొలుసు చుట్టూ వరసల్లో నిలబడి ఉన్న నీటి అణువులు, ఇద్దరూ దగ్గరైనప్పుడు వరస తప్పి బయటి నీటిలో స్వేచ్ఛగా కలిసిపోతాయి. ఆ స్వేచ్ఛే లాభం. భౌతికశాస్త్రంలో ఎంట్రపీ అనేది దీన్నే. వాళ్ళ వాదన ప్రకారం జైలోగ్లూకాన్‌ను సెల్యులోజ్‌కు ప్రధానంగా అతికిస్తున్నది ఆ రెండింటి మధ్య ఆకర్షణ కాదు, మధ్యలోంచి తప్పుకుంటున్న నీరు. వియ్యం కుదిర్చి తాను పక్కకు తప్పుకునే పెద్దమనిషి లాంటిది ఈ నీరు.

నా అభిప్రాయంలో ఇక్కడ తొందరపడి హైడ్రోజన్ బంధాలను పూర్తిగా కొట్టిపారేయకూడదు. ఆ ప్రయోగం నీటిలో మునిగి ఉన్న పొర మీద జరిగింది. కొండపల్లి మక్కు చివరికి ఆరిపోతుంది. నీళ్ళన్నీ పోయాక గొలుసుకు చెయ్యందించే నీరు ఉండదు కాబట్టి అప్పుడు కర్రతోనే చేతులు కలపాలి. తడిగా ఉన్నప్పుడు దగ్గర చేర్చేది ఒకటి, ఆరాక బిగించేది మరొకటి అనుకోవడమే సబబు.

దోస మొలక సాక్ష్యం

మొక్కల దగ్గర ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. కణం గోడలో సెల్యులోజ్ పోగులు ఇనుప చువ్వల్లా ఉంటే, వాటిని జైలోగ్లూకాన్ తాళ్ళలా కట్టి ఉంచుతుందని ఎన్నో ఏళ్ళు పుస్తకాల్లో బొమ్మలు వేశారు. 2008లో జైలోగ్లూకాన్ తయారుచేయలేని ఒక ఆవజాతి ప్రయోగ మొక్కను అమెరికాలో పెంచారు. తాళ్ళు తెగిన గోడతో అది కూలబడాలి. కొంచెం చిన్నగా, వేరు నూగు వంకరగా ఉందే తప్ప మొక్క మామూలుగానే పెరిగింది.

2012లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో కీరదోస మొలకల కాండాన్ని తీసుకుని ఎంజైములతో పరీక్షించారు. జైలోగ్లూకాన్‌ను మాత్రమే కోసే ఎంజైము వేస్తే గోడ సాగలేదు. సెల్యులోజ్‌ను మాత్రమే కోసేది వేసినా సాగలేదు. రెండూ కలిపి వేసినా సాగలేదు. ఒకే ఎంజైము రెండింటినీ కోయగలిగితేనే గోడ సాగింది. అంటే సెల్యులోజ్ పోగులు రెండు ఒకదానికొకటి బాగా దగ్గరికి వచ్చే కొద్ది చోట్ల, మధ్యలో ఇరుక్కుపోయిన జైలోగ్లూకాన్ మాత్రమే బరువు మోస్తోంది. మిగిలినదంతా పక్కన ఊరికే ఉంది. తాళ్ళ బొమ్మకు బదులు అక్కడక్కడ పెట్టిన మక్కు అతుకుల బొమ్మ వచ్చింది. కొండపల్లి వాళ్ళకు ఇందులో కొత్తేమీ కనిపించదు: బొమ్మంతా మక్కు పూయరు, కీళ్ళ దగ్గరే పెడతారు.

సబ్జా గింజలను గ్లాసు నీటిలో వేసి భూతద్దంతో చూస్తే సెల్యులోజ్‌కూ బంకకూ ఉన్న పొత్తు ఇంకోలా కనిపిస్తుంది. నిమిషం తిరక్కుండానే నల్లటి గింజ చుట్టూ పారదర్శకమైన పొర ఉబ్బుతుంది. జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసినప్పుడు ఆ పొరలో గింజ ఒంటి నుంచి బయటికి చాచుకున్న సెల్యులోజ్ పోగులు కనిపించాయి. మిగిలిన బంక వాటిని పట్టుకుని వేలాడుతోంది. గ్లాసును ఎంత గిలక్కొట్టినా ఆ జిగట కోటు గింజను వదలకపోవడానికి కారణం ఆ పోగులే.

ఈ లెక్క అంతా గొంగడి దగ్గర కుదరదు. ఉన్ని సెల్యులోజ్ కాదు, ప్రోటీను. అక్కడ చింతపిక్కకు తోబుట్టువు లేదు. దారం మీద పొరలా ఆరి, నూగును అణిచి, నేసేటప్పుడు తెగకుండా కాపాడడమే దాని పని. గొంగడికీ బొమ్మకూ వాడేది ఒకే గంజి అయినా పట్టు ఒకటి కాదు. ఇక బొమ్మ కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు దుమ్ము తుడవడానికి పొడిగుడ్డే వాడాలి. తడిగుడ్డతో రోజూ రుద్దితే, ఆరినప్పుడు బయటికి పోయిన నీరు రంగు పగుళ్ళలోంచి మళ్ళీ కీళ్ళలోకి చేరుతుంది, ఎండిన గొలుసులు మళ్ళీ ఉబ్బుతాయి. ఒకరోజు ఎద్దు కొమ్ము చేతికి ఊడివస్తుంది.